ఇచ్చే కిటికీ, పుచ్చుకునే కిటికీ: జోసన్ రాజ్యంలో నాణెం నిలబడిన కథ, పడిపోయిన కథ

అధ్యక్షుల వారికి, సభలోని పెద్దలకు, వెనుక బెంచీల మీద సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. ఆహ్వాన పత్రికలో నా పేరు పక్కన చరిత్ర పరిశోధకుడు అని వేశారు. అది పెద్ద మాట. నేను ఉద్యోగ జీవితమంతా సబ్ ట్రెజరీ కార్యాలయాల్లో గడిపినవాడిని. చలానాలు చూసి, బిల్లులు పాసు చేసి, పదవీ విరమణ తరువాత తీరికగా చదువుకున్నవాడిని. కాబట్టి ఈ రోజు నేను చెప్పబోయే కొరియా చరిత్రను ఒక ఖజానా గుమాస్తా చదివిన చరిత్రగా వినండి. అందులో ఏదైనా వంకర ఉంటే అది నా ఉద్యోగం వల్ల వచ్చిన వంకరే.

నేను చేరిన కొత్తలో మా కార్యాలయంలో రెండు కిటికీలు ఉండేవి. ఒక కిటికీ దగ్గర సర్కారు డబ్బు ఇస్తుంది. రెండో కిటికీ దగ్గర సర్కారు డబ్బు పుచ్చుకుంటుంది. ఇచ్చే కిటికీ దగ్గర ఎప్పుడూ గొడవే. జీతం ఆలస్యమైందని, పెన్షన్ రాలేదని. పుచ్చుకునే కిటికీ దగ్గర మాత్రం ఎవరూ అరిచేవారు కాదు, చలానా కట్టి వెళ్లిపోయేవారు. అందుకని మేమందరం ఇచ్చే కిటికీయే ముఖ్యమైనదని అనుకునేవాళ్లం. కాదు. నోటుకు ప్రాణం పోసేది ఆ రెండో కిటికీ. నీ చేతిలో ఉన్న కాగితాన్ని రేపు పన్ను కింద సర్కారు తీసుకుంటుందన్న భరోసా ఉంటేనే, ఈ రోజు కూరగాయల దుకాణంవాడు దాన్ని తీసుకుంటాడు. ఈ సంగతి నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడు అర్థం కాలేదు. పూర్వపు కొరియా అయిన జోసన్ రాజ్యం గురించి చదివినప్పుడు అర్థమైంది. ఈ గంటసేపు నేను చెప్పేదంతా ఈ రెండు కిటికీల గురించే.

ముందు ఒక ప్రశ్న. కొరియాలో ప్రభుత్వం పోతపోసిన మొదటి నాణెం ఏనాటిది? క్రీ.శ. 996 నాటిది. అప్పుడు అక్కడ గొర్యో వంశం పాలిస్తోంది, రాజు పేరు సొంగ్‌జోంగ్. మరి దేశమంతటా జనం నిజంగా నాణేలతో కొనుక్కోవడం, అమ్ముకోవడం ఎప్పుడు స్థిరపడింది? 1678 తరువాత. మధ్యలో ఎన్నేళ్లు? దాదాపు ఏడు వందల ఏళ్లు. పోత పోయడం తెలుసు, రాగి ఏమిటో తెలుసు, పక్కనే చైనాలో నాణేలు ప్రవాహంలా తిరుగుతున్నాయి, రాజులు శాసనాలు చేస్తూనే ఉన్నారు; అయినా ఏడు వందల ఏళ్లు జనం బియ్యంతోనూ బట్టతోనూ బేరాలు చేసుకున్నారు. ఎందుకు? జనం తెలివితక్కువవాళ్లా? నాకు అలా అనిపించదు.

ఇక్కడ చిన్న పక్కమాట. మీ ఇళ్లలో పిల్లలు కొరియా సీరియళ్లు చూస్తున్నారు, నాకు తెలుసు, మా మనవరాలూ చూస్తుంది. అందులో ఎవరో ఒక పెద్దమనిషి పూటకూళ్ల ఇంట్లో కూర్చుని, దారానికి గుచ్చిన నాణేల దండను బల్ల మీద ఠపీమని విసురుతాడు. కథ 1678కి ముందు జరిగినదైతే, ఆ దండ విసిరినప్పుడు కొంచెం అనుమానించండి. ఆ పెద్దమనిషి నౌకరు వెనకాల బట్టల మూట మోసుకుంటూ రావాలి. పిల్ అనే కొలతతో లెక్కపెట్టే నూలు బట్టే ఆ కాలపు డబ్బు. చిత్రమేమిటంటే, డబ్బుగా తిరిగే బట్టను రానురాను పలచగా, వదులుగా నేయడం మొదలుపెట్టారు. ఒంటి మీద వేసుకోవడానికి పనికిరాని బట్ట, కేవలం చెల్లింపు కోసం నేసిన బట్ట! నాసిరకం డబ్బు ముద్రించడానికి ప్రభుత్వమే ఉండాలని లేదన్నమాట. ఇంట్లో మగ్గం ఉన్నా చాలు.

సరే, గొర్యో రాజులు ఏం చేశారో చూద్దాం. 996లో నాణేలు పోశారు. ఆరేళ్లు తిరిగేసరికి, 1002లో, తరువాతి రాజు మొక్‌జోంగ్ దిగివచ్చాడు. తేనీటి దుకాణాల్లో, మద్యం అంగళ్లలో, తిండి అమ్మే చోట మాత్రం నాణేలు వాడండి, మీలో మీరు చేసుకునే లావాదేవీల్లో మీకు అలవాటైన వస్తువులే వాడుకోండి అన్నాడు. 1102లో సుక్‌జోంగ్ అనే రాజు మళ్లీ ప్రయత్నించాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, ఐదు వందల డెబ్బై ఆరేళ్ల తరువాత ఇదే పేరుగల మరో రాజు వస్తాడు, ఇద్దరినీ కలిపేయకండి. ఈ మొదటి సుక్‌జోంగ్ హేదోంగ్ టోంగ్‌బో అనే నాణేలు పదిహేను వేల దండలు పోయించి, మంత్రులకు, ఉద్యోగులకు, సైనికులకు పంచిపెట్టాడు. పంచిపెట్టి ఊరుకోలేదు, నాణెం వాడకం అలవాటు చేయడానికి రాజధాని కేసోంగ్‌లో మద్యం దుకాణాలు తెరిపించాడు. సర్కారే సారా అంగడి తెరవడం మనకేమీ కొత్త కాదు గానీ, నాణెం చెలామణీ కోసం తెరిచిన రాజు ఇతడే అయి ఉంటాడని నా ఊహ.

ఇప్పుడు గమనించండి. ఇచ్చే కిటికీ తెరిచే ఉంది. ఉద్యోగులకు, సైనికులకు నాణేలు ఇచ్చారు. పుచ్చుకునే కిటికీ ఎక్కడ ఉంది? మద్యం దుకాణంలో ఉంది! పొలం పన్ను ధాన్యంలో కట్టాలి, మిగిలినవి బట్టలో, ఊరి ఉత్పత్తుల్లో కట్టాలి. నాణెం చేతికి వస్తే తాగడానికి తప్ప సర్కారుకు కట్టడానికి పనికిరాదు. రైతు దాన్ని ఎందుకు దాచుకుంటాడు?

1392లో గొర్యో పోయి జోసన్ వంశం వచ్చింది. వచ్చిన కొత్తలోనే, 1401లో, మూడో రాజు తేజోంగ్ కాగితపు డబ్బు ముద్రించాడు. మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన కాగితం అది. జనం దాన్ని చూసి ఏమనుకుని ఉంటారు? ఇది తింటే ఆకలి తీరదు, కట్టుకుంటే చలి ఆగదు అనుకుని ఉంటారు. దాన్ని ఒకసారి వెనక్కి తీసుకున్నారు, మళ్లీ తెచ్చారు, అది ఎన్నడూ గట్టిగా నిలబడలేదు.

అతని కుమారుడు సెజోంగ్. కొరియా లిపిని సృష్టించిన రాజు. వాన కొలిచే పాత్ర, నీటి గడియారం ఆయన కాలంలోనే వచ్చాయి. ఇంతటి మేధావి 1423లో జోసన్ టోంగ్‌బో అనే రాగి నాణేన్ని తెచ్చాడు. చిన్న పన్నులు కొన్నిటిని నాణేల్లో వసూలు చేశాడు కూడా, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అయితే పెద్ద పన్నులు, అంటే పొలం శిస్తు, ఊరి కానుకలు, సైనిక సేవకు బదులు కట్టే బట్ట, ఇవన్నీ ఎప్పటిలాగే వస్తు రూపంలోనే ఉండిపోయాయి. నాణెం విలువ ఏటేటా పడిపోయింది. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? ప్రభుత్వాలు సాధారణంగా చేసే పనే చేసింది: శిక్షలు పెంచింది. నాణెం వాడకుండా వస్తుమార్పిడి చేసేవారిని పట్టుకుని జరిమానాలు వేసింది.

1425లో రాజధానిలో జరిగిన ఒక సంఘటన రాజవంశ వృత్తాంతాల్లో నమోదై ఉంది. తోలు చెప్పులు కుట్టే ఒక పేదవాడు తన చెప్పులిచ్చి బియ్యం తీసుకున్నాడు. నాణెం వాడలేదు కదా అని బజారు అధికారులు పట్టుకున్నారు. జరిమానా కట్టమన్నారు. కట్టలేక అతడు ఉరివేసుకున్నాడు. ఆ కబురు రాజు దాకా వెళ్లింది. సెజోంగ్ నొచ్చుకుని ఆ కుటుంబానికి బియ్యం ఇప్పించాడు. ఏమి ఇప్పించాడు? బియ్యం. నాణేలు కాదు. నాణెం వాడలేదని ప్రాణం పోగొట్టుకున్నవాడి ఇంటికి, ఆ నాణేన్ని పుట్టించిన రాజు పంపింది బియ్యం. ఈ ఒక్క ముక్క చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. రాజు మంచివాడు, సందేహం లేదు. కానీ ఆకలిగొన్న ఇంటికి ఏది పంపాలో ఆయనకూ తెలుసు.

ఇక తరువాతి రెండు వందల ఏళ్లు తొందరగా దాటేస్తాను. సెజో అనే రాజు 1464లో బాణపు ములికి ఆకారంలో డబ్బు చేయించాడు, యుద్ధం వస్తే బాణాలకు బిగించుకోవచ్చని. అది పెద్దగా చెలామణీ కాలేదు. 1592 నుంచి 1598 దాకా జపాన్ దండయాత్రలు, 1627లో, 1636లో మంచూల దండయాత్రలు. దేశం చితికిపోయింది. పొలాల లెక్కలు పోయాయి, పన్ను కట్టే జనం చెదిరిపోయారు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

ఆ కథ నాణెంతో మొదలు కాదు, పన్నుతో మొదలవుతుంది. జోసన్‌లో పొలం శిస్తు కంటే జనాన్ని ఎక్కువ పీడించింది ఊరి కానుకల పన్ను. ప్రతి ఊరూ రాజధానికి ఫలానా వస్తువు పంపాలి; తేనె, తోళ్లు, కాగితం, ఎండు చేపలు, మూలికలు. ఆ వస్తువు ఆ ఊళ్లో దొరకకపోయినా సరే పంపాలి. సముద్రం చూడని ఊరు చేపలు ఎక్కడినుంచి తెస్తుంది? అందుకని మధ్యవర్తులు పుట్టారు. మీ తరఫున మేం కడతాం, మాకు బియ్యం ఇవ్వండి అని, వస్తువు ఖరీదుకు ఎన్నో రెట్లు గుంజేవారు. ఊళ్లవాళ్లు తామే స్వయంగా మంచి వస్తువు తీసుకెళ్లినా, నాణ్యత లేదని రాజధాని గుమాస్తాలు తిప్పికొట్టేవారు. మధ్యవర్తితో వస్తే అదే వస్తువు చక్కగా పాసయ్యేది. మీరు నవ్వుతున్నారు. మీకు ఈ పద్ధతి ఎక్కడో చూసినట్టు అనిపిస్తోందా?

దీనికి విరుగుడుగా వచ్చిందే దేదోంగ్ చట్టం. ఆ పేరులో అందరికీ ఒకటే అన్న అర్థం ఉంది. ఊరి కానుకలన్నీ రద్దు. వాటి బదులు పొలాన్ని బట్టి ఇంత బియ్యమని కట్టాలి. చివరికి ఒక గ్యోల్ పొలానికి పన్నెండు మాల్ బియ్యం అని స్థిరపడింది. గ్యోల్ అంటే విస్తీర్ణం కాదు, పంట దిగుబడిని బట్టి లెక్కగట్టే కొలత. మాల్ అంటే ధాన్యం కొలిచే కుంచం లాంటిది. 1608లో రాజధాని చుట్టూ ఉన్న గ్యోంగ్గి రాష్ట్రంలో మొదలుపెట్టారు. 1623లో గాంగ్‌వొన్, 1651లో చుంగ్‌చోంగ్, 1658లో జొల్లా తీరప్రాంతం, 1677లో గ్యోంగ్‌సాంగ్, 1708లో హ్వాంగ్‌హే. నూరేళ్లు! ఒక్క పన్ను సంస్కరణకు నూరేళ్లు పట్టింది. ఎందుకు పట్టింది? ఇంటికింత అని ఉన్న భారం పొలానికింత అని మారితే, ఎక్కువ పొలం ఉన్నవాడు ఎక్కువ కట్టాలి. ఎక్కువ పొలం ఉన్నవాళ్లే ఆస్థానంలో కూర్చుని ఉన్నారు. మిగతాది నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ చట్టం కోసం జీవితాంతం పోరాడినవాడు కిమ్ యుక్. 1580లో పుట్టి 1658లో పోయాడు. మరణశయ్య మీద నుంచి రాజుకు పంపిన విన్నపంలో కూడా జొల్లా రాష్ట్రంలో దేదోంగ్ చట్టం ఆపవద్దని వేడుకున్నాడు. నాణేల కోసం పోరాడినవాడు కూడా ఈ కిమ్ యుకే. ఇది యాదృచ్ఛికం కాదు. ఆయన కేసోంగ్‌లో అధికారిగా పనిచేశాడు. అక్కడి వర్తకులు నాణేలు వాడటం కళ్లారా చూశాడు. రాయబారిగా చైనాకు వెళ్లివస్తూ అక్కడి నాణేలు కొని తెచ్చి, ప్యాంగ్యాంగ్, అంజు లాంటి చోట్ల చెలామణీలో పెట్టించాడు. ఆయన బతికి ఉండగా నాణెం నిలవలేదు. 1650ల్లోనే ఆ ప్రయత్నం ఆగిపోయింది. కానీ ఆయన నాటిన రెండో విత్తనం, దేదోంగ్ చట్టం, మెల్లగా నేలను సిద్ధం చేసింది.

ఎలా సిద్ధం చేసింది? ఈ చోట కొంచెం నెమ్మదిగా వెళతాను, కథకు ఇదే ఇరుసు కాబట్టి. పూర్వం ఆస్థానానికి తేనె కావాలంటే ఏదో ఊరు తేనె మోసుకొచ్చేది. ఇప్పుడు ఆస్థానం దగ్గర ఉన్నది బియ్యం, బట్ట. తేనె కావాలంటే కొనాలి! అందుకోసం గొంగిన్ అనే సరఫరా వర్తకులకు అనుమతులిచ్చి, ముందే ఖరీదు చెల్లించి, వస్తువులు తెప్పించుకున్నారు. అంటే, రాజ్యం మొదటిసారి బజారులో పెద్ద కొనుగోలుదారు అయింది. జోసన్ రాజధాని సోల్ (నేటి సియోల్) నగరంలో వర్తకం చిక్కబడింది, కూలికి పనిచేసేవారు పెరిగారు, ఓడరేవుల్లో సరుకు కదిలింది. ఇంత లావాదేవీ జరిగే చోట బియ్యం బస్తాలు మోయడం ఎంత కష్టమో వర్తకుడికి తెలుసు, గుమాస్తాకు తెలుసు. నాణెం కావాలని ఇప్పుడు కింది నుంచి అడిగారు. అంతకు ముందు ఏడు వందల ఏళ్లూ నాణెం వాడమని పై నుంచి చెప్పారు.

1678. రెండో సుక్‌జోంగ్, జోసన్ రాజు సుక్‌జోంగ్, ఇంకా ఇరవై నిండని కుర్రవాడు. ప్రధానమంత్రి హొ జొక్ మొదలైనవారు నాణేలు పోయిద్దామన్నారు. ఖజానా శాఖ హోజో, కరువు సహాయ కార్యాలయం, సైనిక శిక్షణ దళం, ఇలా ఏడు కార్యాలయాలకు పోతపోసే పని అప్పగించారు. సాంగ్‌ప్యోంగ్ టోంగ్‌బో అని పేరు. సాంగ్‌ప్యోంగ్ అంటే ఎల్లప్పుడూ నిలకడ. ధరలు నిలకడగా ఉంచే ధాన్యాగారాల కార్యాలయం పేరు కూడా అదే. నాలుగు వందల నాణేలు ఒక యాంగ్ తూకం వెండికి సమానమని నిర్ణయించారు. రాగి ఎక్కడిది? చాలావరకు జపాన్ రాగి. త్సుషిమా దీవి వర్తకుల ద్వారా బుసాన్‌లోని జపాన్ వర్తక స్థావరానికి వచ్చేది. అదే 1678లో ఆ స్థావరం చొర్యాంగ్ అనే విశాలమైన చోటికి మారింది.

మరి పుచ్చుకునే కిటికీ? ఈసారి అది కూడా తెరిచారు. న్యాయ శాఖ, తనిఖీ శాఖ, సోల్ నగర పాలక కార్యాలయం వసూలు చేసే జరిమానాలను నాణేల్లోనే తీసుకుంటామన్నారు. ఆ తరువాత క్రమంగా దేదోంగ్ పన్నులో కొంత భాగాన్ని, సైనిక సేవకు బదులు కట్టే బట్టలో కొంత భాగాన్ని కూడా నాణేల్లో కట్టనిచ్చారు. కొండ ప్రాంతాలవాళ్లకు, బియ్యం మోయలేనివాళ్లకు ఇది పెద్ద ఊరట. 1425లో జరిమానా కట్టలేక చచ్చిపోయిన ఆ చెప్పులు కుట్టేవాడిని ఒకసారి తలుచుకోండి. అతడి కాలంలో జరిమానా నాణెం వాడనందుకు వేశారు. 1678లో జరిమానా నాణెంలో కట్టు అన్నారు. రెండింటికీ ఎంత తేడా ఉందో చూశారా? మొదటిది బెదిరింపు. రెండోది నాణేనికి పని కల్పించడం.

ఆ నాణెం ఎలా ఉండేదో చెబుతాను. గుండ్రంగా, మధ్యలో చతురస్రపు చిల్లు. మనవాళ్లలో పెద్దలకు చిల్లు కాణీ గుర్తుండే ఉంటుంది. యుద్ధ కాలంలో లోహం ఆదా చేయడానికి పోసిన మన చిల్లు కాణీకి గుండ్రటి చిల్లు, ఇది చతురస్రం. ముందువైపు నాలుగు చైనా అక్షరాలు, వెనకవైపు ఏ కార్యాలయం పోసిందో దాని గుర్తు. మూసలో కరిగిన లోహం నడిమి కాలువ గుండా పారి ఇరుపక్కలా గూళ్లలో నిండేది; చల్లారాక తీసి చూస్తే కొమ్మకు ఆకులు వేలాడినట్టు నాణేలు వేలాడేవి. అందుకే జనం వాటిని ఆకు నాణేలు అన్నారు. నాకు ఈ మాట ఎంతో నచ్చింది. సర్కారు పెట్టిన పేరు ఎల్లప్పుడూ నిలకడ. జనం పెట్టిన పేరు ఆకు. ఆకు ఎప్పుడు రాలుతుందో ఎవరికి తెలుసు?

అన్నీ సవ్యంగా సాగాయని చెప్పను. మొదటి రెండు మూడేళ్లలోనే ఎక్కువ పోసి విలువ పడగొట్టారు, ఆపారు, మళ్లీ పోశారు. పదిహేడో శతాబ్దం చివర్లో పోత ఆపేశారు. ముప్పై ఏళ్లకు పైగా కొత్త నాణెం రాలేదు. ఈలోపు నాణేలతో పని పెరుగుతోంది. ఫలితం నాణేల కరువు. చేతిలో డబ్బు ఉన్నవాళ్లు దాచిపెట్టారు. కోతల కాలంలో పన్ను కట్టడానికి నాణెం కావాలి కాబట్టి రైతు ధాన్యాన్ని అయినకాడికి అమ్ముకున్నాడు. వసంతంలో తిండిగింజలకు అప్పు చేశాడు. సొంగో అనే కలం పేరుగల పండితుడు యీ ఇక్ ఇది చూసి మండిపడ్డాడు. ఈ నాణెం వడ్డీ వ్యాపారిని పెంచింది, విలాసాన్ని పెంచింది, రద్దు చేయాలన్నాడు. ఆయనను పాతకాలపువాడని కొట్టిపారేయడం సులువు. నేను కొట్టిపారేయను. పుచ్చుకునే కిటికీ తెరిచి, ఇచ్చే కిటికీ మూసేస్తే ఏమవుతుందో ఆయన ఊళ్లో కూర్చుని చూశాడు. పన్ను నాణెంలో కట్టు అంటావు, నాణెం మాత్రం పోయవు. ఇది కూడా అన్యాయమే కదా?

రాజు యోంగ్‌జో కూడా మొదట నాణేలను రద్దు చేయాలనే అనుకున్నాడు. ప్రయత్నించాడు. కానీ అప్పటికి నాణెం లేకుండా బజారు నడవని స్థితి వచ్చేసింది. చివరికి 1731లో, కరువు సహాయానికి సొమ్ము లేక, ఆయనే మళ్లీ పోత మొదలుపెట్టించాడు. నాణేన్ని ద్వేషించిన రాజే నాణెం పోయించాడు! అదే యోంగ్‌జో 1750లో సైనిక సేవకు బదులు కట్టే బట్టను రెండు పిల్‌ల నుంచి ఒక పిల్‌కు తగ్గించాడు. ఆ పిల్ బదులు రెండు యాంగ్‌ల నాణేలు కట్టవచ్చన్నారు. నాణేల లెక్కలో యాంగ్ అంటే తూకం కాదు, వంద నాణేలు ఒక యాంగ్. అప్పటికి నాణెం రాజ్యం నరాల్లోకి ఎక్కిపోయింది.

ఇక పంతొమ్మిదో శతాబ్దానికి వద్దాం. నాణెం ఎలా నిలబడిందో చెప్పాను. ఎలా పడగొట్టారో ఇప్పుడు చెప్పాలి. 1863లో గోజోంగ్ అనే పన్నెండేళ్లు నిండని బాలుడు రాజయ్యాడు. పెత్తనమంతా తండ్రి హుంగ్‌సొన్ దేవొన్‌గున్‌ది. గట్టి మనిషి. సైనిక పన్నును కులీనుల ఇళ్ల మీద కూడా వేశాడు, పన్ను ఎగవేతకు అడ్డాలైన విద్యాపీఠాలను వందల సంఖ్యలో మూయించాడు. అయితే ఒక పెద్ద కోరిక పెట్టుకున్నాడు: జపాన్ దండయాత్రల్లో తగలబడి రెండున్నర శతాబ్దాలకు పైగా శిథిలంగా పడి ఉన్న గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజప్రాసాదాన్ని తిరిగి కట్టించాలి. 1865లో పని మొదలైంది. డబ్బు? ముందు విరాళాలు వసూలు చేశారు. వాటికి వొన్నప్‌జొన్, అంటే ఇష్టపూర్వకంగా ఇచ్చే సొమ్ము అని పేరు. ఉచ్చారణ మార్చకుండా మొదటి అక్షరాన్ని మారిస్తే అది ఏడుస్తూ కట్టే సొమ్ము అవుతుంది. జనం ఏ అర్థంలో పలికారో ఊహించుకోండి. సోల్ నగర ద్వారాల దగ్గర సుంకం కూడా వేశారు. 1866లో కలప నిల్వలు కాలిపోయాయి, అదే ఏడాది ఫ్రెంచి నౌకాదళం గాంగ్‌హ్వా దీవి మీద దాడి చేసింది. సొమ్ము చాలలేదు.

అప్పుడు వచ్చింది దాంగ్‌బెక్‌జొన్. నూటికి సమానమైన నాణెం అని దాని అర్థం. ముందువైపు అవే నాలుగు అక్షరాలు, ఎల్లప్పుడూ నిలకడ. వెనకవైపు నూరు అన్న విలువ. అందులో ఉన్న లోహం ఎంత? మామూలు నాణేలు ఐదారింటికి సరిపడేంత. అంటే ఐదారు నాణేల రాగి తీసుకుని, దాని మీద నూరు అని అచ్చుగుద్ది, నూరింటికి చెల్లించమన్నారు. 1866 చివర నుంచి 1867 మధ్య దాకా, ఆరు నెలల వ్యవధిలో, సుమారు కోటీ అరవై లక్షల యాంగ్‌ల విలువ మేరకు పోశారు. బియ్యం ధర ఏమైంది? సొక్ అనే పెద్ద కొలత బియ్యం ఏడెనిమిది యాంగ్‌లు ఉండేది, ఒకటి రెండేళ్లలో నలభై నాలుగు, నలభై ఐదు యాంగ్‌లకు చేరింది. దొంగ నాణేలు పోసేవాళ్లకు పండగ. ఐదారు నాణేలు కరిగిస్తే నూరు వస్తుంటే ఎవడు ఊరుకుంటాడు? మంచి పాత నాణెం పెట్టెల్లోకి వెళ్లి దాక్కుంది. కొందరు వర్తకులు మళ్లీ వస్తుమార్పిడికి దిగారు. ఏడు వందల ఏళ్లు పట్టి ఎక్కిన మెట్లు ఏడాదిలో దిగారు.

మీలో ఎవరో తుగ్లక్ అని గొణిగారు, వినిపించింది. పోలిక తగినదే. 1323లో మన ఓరుగల్లును కొల్లగొట్టిన ఉలుగ్ ఖానే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దె ఎక్కి, రాగి, ఇత్తడి నాణెం వెండి టంకంతో సమానమన్నాడు. అయితే ఒక్క తేడా చెప్పి ముందుకు వెళతాను. పథకం విఫలమైనప్పుడు తుగ్లక్ ఆ ఇత్తడి బిళ్లలను ఖజానాలో ఇచ్చి వెండి తీసుకుపొమ్మన్నాడు, దొంగబిళ్లలతో సహా పుచ్చుకున్నాడు. ఖజానా నష్టపోయింది. కానీ పుచ్చుకునే కిటికీ మూయలేదు. పిచ్చివాడని పేరుపడ్డ ఆ సుల్తాను ఆ ఒక్క విషయంలో మర్యాదస్థుడు.

జోసన్‌లో కిటికీల దగ్గర ఏం జరిగింది? జిల్లా గుమాస్తాల తెలివి చూడండి. వాళ్లు జనం దగ్గర పన్ను మంచి పాత నాణేల్లో వసూలు చేసుకుని, పైకి సోల్‌కు పంపేటప్పుడు దాంగ్‌బెక్‌జొన్‌లుగా మార్చి పంపారు. నూరు యాంగ్‌లు వసూలు, నూరు యాంగ్‌లు జమ. పుస్తకంలో లెక్క అణా పైసలతో సరిపోయింది! నేను ఖజానాలో పనిచేసినవాడిని కాబట్టి ఆ పుస్తకం నా కళ్ల ముందు కనబడుతుంది. ఆడిటర్ ఎవరూ అందులో తప్పు పట్టలేరు. నష్టం ఎక్కడ తేలింది? రాజ ఖజానాలోనే. తాను అబద్ధం చెప్పి బయటికి పంపిన నాణెం అదే అబద్ధంతో తిరిగి వచ్చింది.

1868లో చొ ఇక్‌హ్యొన్ అనే అధికారి రాజుకు విన్నపం పంపాడు. నాలుగు అడిగాడు: కట్టడాలు ఆపండి, జనాన్ని పిండే వసూళ్లు ఆపండి, దాంగ్‌బెక్‌జొన్ రద్దు చేయండి, నగర ద్వారాల సుంకం ఎత్తేయండి. నాలుగింటిలో ఆ నాణెం రద్దు త్వరలోనే జరిగింది. ఐదేళ్ల తరువాత, 1873లో, అదే మనిషి రాసిన మరో విన్నపంతో దేవొన్‌గున్ పెత్తనమే ముగిసింది. ఇప్పటికీ కొరియాలో చేతిలో డబ్బు లేదనడానికి తెంగ్‌జొన్ ఒక్కటీ లేదు అంటారు. మనం చిల్లిగవ్వ లేదు అన్నట్టు. ఆ తెంగ్‌జొన్ ఈ దాంగ్‌బెక్‌జొన్ పేరు నుంచే వచ్చిందని చెప్పుకుంటారు. మనం విలువ లేనిదానికి గవ్వను ఎంచుకున్నాం; వాళ్లు నూరు విలువని రాసి ఉన్న నాణేన్ని ఎంచుకున్నారు.

దాంగ్‌బెక్‌జొన్ పోత ఆగాక దాని చోటు పూరించడానికి చైనా నాణేలను తెచ్చారు. చవకగా కొని, జోసన్ నాణెంతో సమానమని చెల్లించారు. అదీ పాత పాటే. గోజోంగ్ పెత్తనం చేతికి తీసుకోగానే, 1874 ఆరంభంలో, జనం కష్టం తీరుస్తానని చైనా నాణేలను ఒక్కసారిగా రద్దు చేశాడు. మంచి ఉద్దేశమే. కానీ ఖజానాలో ఉన్నవి ఏమిటి? చాలావరకు చైనా నాణేలే! పన్నుల రూపంలో వచ్చి చేరినవి అవే. ఒక్క ఆజ్ఞతో రాజు తన సొంత పెట్టెను ఖాళీ చేసుకున్నాడు. మనలో కొందరికి 2016 నవంబరు 8 రాత్రి గుర్తొస్తోందని మీ ముఖాలు చెబుతున్నాయి. ఆ చర్చ మరో రోజు పెట్టుకుందాం.

తరువాతి ముప్పై ఏళ్లు ముక్తసరిగా చెబుతాను. 1883లో ఐదుకు సమానమని మరో నాణెం. అది రాజధాని చుట్టుపక్కలే చెల్లింది, దూర ప్రాంతాలవాళ్లు ముట్టుకోలేదు. ఒకే దేశంలో రెండు లెక్కలు. 1894 సంస్కరణల్లో పన్నులన్నీ డబ్బులోనే కట్టాలన్నారు, వెండి ప్రమాణమన్నారు. కాగితం మీద అది ఎంతో చక్కటి చట్టం, కిమ్ యుక్ బతికి ఉంటే మురిసిపోయేవాడు. కానీ వెండి నాణేలు పోయడానికి వెండి లేదు. పోసిందల్లా లాభం మిగిల్చే నికెల్ నాణేలు. 1892 నుంచి 1904 దాకా అవి కుప్పలుగా వచ్చాయి. ప్రభుత్వం పోసినవి కొన్ని, ప్రభుత్వం అనుమతి అమ్ముకుంటే ప్రైవేటువాళ్లు పోసినవి కొన్ని, జపాన్ నుంచి దొంగతనంగా దిగినవి కొన్ని.

1904లో జపాన్ ఒత్తిడితో మెగాటా తనెటారో అనే జపాన్ అధికారిని ఆర్థిక సలహాదారుగా పెట్టుకోవాల్సి వచ్చింది. ఆయన టంకశాలను మూయించి, 1905లో నికెల్ నాణేల మార్పిడి మొదలుపెట్టాడు. నాణేలను మూడు తరగతులు చేశారు. మొదటి తరగతికి కొత్త డబ్బులో రెండు జొన్‌ల ఐదు రీలు ఇచ్చారు; జొన్, రీ అనేవి ఆ డబ్బులోని చిల్లర. రెండో తరగతికి ఒక జొన్ ఇచ్చారు. మూడో తరగతి, అంటే ముద్ర సరిగా లేనివి, నాసివి, వాటికి ఏమీ ఇవ్వలేదు. బదులుగా ఇచ్చిన కొత్త డబ్బు జపాన్‌కు చెందిన దాయిచి బ్యాంకు నోట్లు. కొరియా వర్తకులు ఎందరో ఆ కొద్ది నెలల్లో దివాలా తీశారు. చేతిలో నాణేలు ఉన్నా అవి డబ్బు కాకుండా పోయాయి, మార్పిడి పూర్తయ్యేలోగా హుండీల, అంటే వర్తకుల చెల్లింపు పత్రాల, గడువులు ముగిశాయి.

ఆ మార్పిడి కార్యాలయాల ముందు నిలబడిన వరుసలను నేను తరచూ ఊహించుకుంటాను. మూటలో నాణేలు కట్టుకొచ్చిన ఒక చిల్లర వర్తకుడు. కిటికీ తెరిచే ఉంది. లోపలివాడు ఒక్కొక్క నాణేన్నీ వేలితో తిప్పి చూసి మూడు కుప్పలుగా వేరుచేస్తున్నాడు. వర్తకుడి చూపంతా మూడో కుప్ప మీదే ఉంది, అది పెరుగుతోంది. అతడు ఆ నాణేలను బజారులో తీసుకున్నప్పుడు, వాటి మీద ఉన్నది తన రాజ్యం ముద్ర. ఇప్పుడు వాటిని ఎంచుతున్న కిటికీ మాత్రం తన రాజ్యానిది కాదు.

నాకిచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు. వెనుక బెంచీల నుంచి ఒక అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉంచింది. చెప్పమ్మా, అడుగు.